హిప్ హిప్ హుర్రే: మాట, దాని చరిత్ర, ఒక అపోహ

ప్రశ్న: అయ్యా, నేను ఉన్నత పాఠశాలలో వ్యాయామ ఉపాధ్యాయుడిని. ఆటల పోటీలు ముగిసిన ప్రతిసారీ గెలిచిన జట్టుకూ, ఓడిన జట్టుకూ కూడా పిల్లల చేత మూడేసి సార్లు "హిప్ హిప్ హుర్రే" అనిపించడం ఇరవై ఏళ్లుగా నాకు అలవాటు. ఈ మధ్య ఒక సహోద్యోగి తన ఫోనుకు వచ్చిన సందేశం ఒకటి చూపించారు. "హిప్" అన్నది "హైరోసోలిమా ఎస్ట్ పెర్డిటా" అనే లాటిన్ వాక్యంలోని మొదటి అక్షరాల కూర్పు అనీ, దానికి "జెరూసలేం నాశనమైంది" అని అర్థమనీ, మధ్యయుగంలో క్రైస్తవులు సాగించిన మతయుద్ధాలకు (క్రూసేడ్లకు) బయలుదేరిన సైనికులు యూదులను చంపుతూ ఆ కేక వేసేవారనీ అందులో ఉంది. ఆనాటి నుంచి ఆ మాట నా నోట రావడం లేదు. అంతకు ముందొకసారి ఎనిమిదో తరగతి అమ్మాయి "సార్, హుర్రే అంటే ఏమిటి?" అని అడిగితే సమాధానం చెప్పలేకపోయాను. ఆ కథ నిజమేనా? ఆ మాటకు అసలు అర్థం ఏమిటి? మేము దాన్ని మానెయ్యాలా? "హుర్రా" అనడం సరైనదా, "హుర్రే" అనడం సరైనదా?
– ఒక వ్యాయామ ఉపాధ్యాయుడు

సమాధానం: మాస్టారూ, నమస్కారం. మీ ఉత్తరంలో నన్ను అన్నిటికన్నా ఎక్కువగా కదిలించినది, ఆ సందేశం చదివాక ఆ మాట మీ నోట రాకపోవడం. తాను పిల్లల చేత పలికిస్తున్న మాటలో ఎవరి చావో దాగి ఉందేమోనని వెనుకాడిన ఉపాధ్యాయుడికి నిదానంగా, వివరంగా జవాబు చెప్పవలసిన బాధ్యత నా మీద ఉంది. ముందుగా మీరు ఎదురుచూస్తున్న మాట చెబుతాను. ఆ సందేశం ఒక నిజాన్నీ, కొన్ని కల్పనలనూ కలిపి కుట్టినది. "హెప్ హెప్" అని అరుస్తూ యూదుల ఇళ్ల మీద, దుకాణాల మీద పడిన గుంపులు చరిత్రలో నిజంగానే ఉన్నాయి. అది 1819లో జర్మన్ నగరాల్లో జరిగింది. అయితే ఆ కేక ఒక లాటిన్ వాక్యానికి పొడి అక్షరాలని చెప్పడానికి గాని, అది మతయుద్ధాల నాటిదని చెప్పడానికి గాని, మీ పిల్లలు అనే "హిప్ హిప్" దాని నుంచి పుట్టిందని చెప్పడానికి గాని ఆధారం ఏదీ లేదు. కాబట్టి మీరు ఆ మాటను మానవలసిన అవసరం లేదు. ఈ లాటిన్ కథను నేను కూడా చాలాకాలం నిజమనే నమ్మి, అడిగినవారికి చెప్పాను కూడా. అందువల్ల ఇప్పుడు దాన్ని విడదీసి చూపడం నాకు మీకన్నా ఎక్కువ అవసరం.

ముందు "హుర్రే" సంగతి చూద్దాం. మనుషులు ఉత్సాహంతో వేసే కేకలను గమనిస్తే వాటిలో ఎక్కువ భాగం ఒకప్పుడు అర్థవంతమైన వాక్యాలేనని తెలుస్తుంది. మనం రోజూ అనే "శభాష్" పారశీకంలోని "షాద్ బాష్" అనే రెండు మాటలు కలిసిపోయి ఏర్పడినది. "సంతోషంగా ఉండు" అని దాని అర్థం. "జిందాబాద్" అంటే "బతికి ఉండుగాక" అని. ఇటలీ, స్పెయిన్ దేశాల "వివా" కూడా అదే దీవెన. జపాన్ వారి "బాంజాయ్" చైనా భాషలోని "వాన్‌సుయ్" నుంచి వచ్చినది. "పదివేల ఏళ్లు" అని దాని అర్థం. హుర్రే ఈ కోవకు చెందినది కాదు. ఎంత వెనక్కి వెళ్లి చూసినా అది ఒక వాక్యంగా గాని, దీవెనగా గాని కనిపించదు. మీ విద్యార్థిని అడిగిన ప్రశ్నకు మీరు జవాబు చెప్పలేకపోవడానికి కారణం మీ అజ్ఞానం కాదు. విడమరిచి చెప్పడానికి అందులో ఇమిడి ఉన్న వాక్యమేదీ లేకపోవడమే.

ఇంగ్లీషులో హుర్రే కన్నా ముందు వాడుకలో ఉన్న కేక "హుజ్జా". అది 16వ శతాబ్దం చివరి భాగం నుంచి రాతల్లో కనిపిస్తుంది. 17, 18 శతాబ్దాల రచయితలు పలువురు దాన్ని ఓడ మనుషుల కేకగా, ఓడ మీద నుంచి ఇతరులకు చేసే వందనంగా పేర్కొన్నారు. ఈ కారణంగానే నిఘంటుకారులు దాన్ని తెరచాపలు ఎత్తేటప్పుడు, తాళ్లు లాగేటప్పుడు నావికులు వేసే "హీసా", "హిస్సా" వంటి కేకలతో ముడిపెట్టి ఆలోచించారు. తడిసి బరువెక్కిన తెరచాపను కొయ్య మీదికి ఎత్తడం ఒక్కరి వల్ల అయ్యే పని కాదు. పదిమంది తాడు పట్టుకున్నా, ఒక్కొక్కరూ ఒక్కొక్క క్షణంలో లాగితే ఆ బలమంతా వృథా అవుతుంది. అందరి బలమూ ఒకే క్షణంలో తాడు మీద పడేటట్టు చేసేది కేక. మనకు తెలిసిన "హైలెస్సా" చేసే పని కూడా ఇదే. అయితే ఈ రెండింటి ధ్వనిలో ఉన్న పోలికను చూసి వాటికి చుట్టరికం కలపవద్దని మనవి చేస్తున్నాను; ఆ పొరపాటే మీ సహోద్యోగికి వచ్చిన సందేశంలో జరిగింది, దాని దగ్గరకు మళ్లీ వస్తాను. ఇక్కడ గమనించవలసినది ఒక్కటే. పని కోసం పదిమంది కలిసి వేసిన కేక, పని పూర్తయిన సంతోషంలో కూడా అదే గొంతులతో వెలువడి, క్రమంగా పనితో సంబంధం లేకుండా సంతోషానికే గుర్తుగా మిగిలిపోయిందని ఊహించడం కష్టం కాదు. ఇది ఊహేనని, నిఘంటువులు కూడా దీన్ని "బహుశా" అనే చెబుతాయని గుర్తుంచుకోవాలి.

ఆ మాటను అప్పటివారు ఎలా పలికేవారో తెలుసుకోవడానికి ఒక చక్కని సాక్ష్యం ఉంది. ఇంగ్లీషు కవి అలెగ్జాండర్ పోప్ 1734లో వెలువడిన తన పద్యభాగంలో ఈ మాట బహువచన రూపాన్ని "అవుట్‌వెయిజ్" అనే క్రియకు అంత్యప్రాసగా కూర్చాడు. ప్రాస కుదరాలంటే ఆ మాటను "హుజ్జే" అని పలకాలి. అంటే చివర "ఆ" కాకుండా "ఏ" పలకడం మూడు వందల ఏళ్ల నాడే ఉందన్నమాట. మీ చివరి ప్రశ్నకు ఇందులోనే సగం సమాధానం ఉంది. ఆ తరువాత శామ్యూల్ జాన్సన్ 1755లో ప్రచురించిన నిఘంటువులో హుజ్జాకు ఇచ్చిన అర్థం "ఒక కేక, హర్షధ్వానం" అన్నంత మాత్రమే. మాటల మూలాల మీద ఎంతో ఆసక్తి గల ఆ పండితుడు అంతకు మించి అర్థం చెప్పకపోవడం నాకు ఎంతో నిజాయితీగా తోస్తుంది.

"హుర్రా" అనే రూపం 17వ శతాబ్దం చివరి రెండు దశాబ్దాల్లో ఇంగ్లీషులో కనిపిస్తుంది. హుజ్జాయే నోట నలిగి హుర్రా అయిందని ఎక్కువమంది అభిప్రాయం. అయితే ఐరోపాలోని పలు ఇతర భాషల్లో కూడా ఇటువంటి కేక ఉంది: జర్మన్, స్వీడిష్, డేనిష్ భాషల్లో "హుర్రా", డచ్చిలో "హూరా", రష్యన్‌లో "ఉరా". మధ్యయుగపు జర్మన్‌లో "హుర్రెన్" అంటే వేగంగా దూసుకుపోవడం. ఆ క్రియ నుంచి "హుర్రా" అనే ఉసిగొలిపే పదం ఏర్పడిందని జర్మన్ పండితులు చెబుతారు. నెపోలియన్ సైన్యాలను తమ నేల నుంచి తరిమివేయడానికి 1813లో జరిగిన యుద్ధంలో ప్రష్యా అనే జర్మన్ రాజ్యపు సైనికులు ఈ కేకతోనే ముందుకు ఉరికారు. రష్యన్‌ల ఉరా గురించి రెండు వాదాలు ఉన్నాయి: జర్మన్ నుంచి వచ్చిందని ఒకటి, "కొట్టు" అనే అర్థం గల తుర్కిక్ ధాతువు "ఉర్" నుంచి వచ్చిందని మరొకటి. మాస్కోలో మే 9న జరిగే విజయోత్సవ కవాతులో సైనికులు రెండు పొట్టి ఉరాలూ, ఒక పొడవాటి ఉరా వేస్తారు. సముద్రాల మీద తిరిగే నావికుల నోళ్లలో, కిరాయికి ఒక రాజ్యం నుంచి మరొక రాజ్యానికి పోయే సైనికుల నోళ్లలో ఈ కేకలు ఒకదాని మీద ఒకటి ప్రభావం చూపకుండా ఉండవు గనుక, వీటిలో ఏది తల్లి, ఏది బిడ్డ అని తేల్చడానికి నేను ప్రయత్నించను.

మూడుసార్లు అనే పద్ధతి కూడా పాతదే. అమెరికా స్వాతంత్ర్య ప్రకటనను 1776 జులై 8న ఫిలడెల్ఫియాలో ప్రజల ముందు చదివి వినిపించారు. ఆ మరునాడు స్వాతంత్ర్య నాయకుల్లో ఒకడైన జాన్ ఆడమ్స్ తన మిత్రుడికి రాసిన ఉత్తరంలో, మూడు హర్షధ్వానాలు ఆకాశాన్ని చీల్చాయని వర్ణించాడు. 19వ శతాబ్దంలో అమెరికన్లు మూడు హుర్రాలతో తృప్తిపడక, చివర పులి గర్జన లాంటి ఒక ధ్వనిని కూడా చేర్చి దాన్ని "టైగర్" అనేవారు. బ్రిటిష్ ఆటల సంప్రదాయంలో పోటీ ముగిశాక ఒక జట్టు ఎదుటి జట్టుకు మూడు హుర్రేలు పలకడం మర్యాద. ఓడిన జట్టుకు కూడా అనిపించాలని మీ అంతట మీరు పెట్టుకున్న నియమం, తెలియకుండానే ఆ మర్యాదతో కలిసింది.

ఇక "హిప్" గురించి. 18వ శతాబ్దపు ఇంగ్లీషులో ఇది ఎదుటివారి దృష్టిని మన వైపు తిప్పుకోవడానికి వేసే పిలుపు. "ఇదిగో", "ఓయ్" అన్న మాటలు చేసే పనే అది చేసేది. 19వ శతాబ్దం తొలి దశకాల్లో అది హుర్రాకు ముందు చేరి, 1820ల నాటికి "హిప్ హిప్ హుర్రా" అనే జంట స్థిరపడింది. ఈ రెండు భాగాలూ చేసే పనులు వేరు గనుక, వాటి ధ్వనులు కూడా ఆ పనులకు తగినట్టే ఉన్నాయి. దీన్ని కొంచెం నిలిచి చూడండి. ఆటల మైదానంలో నిలబడి అనిపించేవారు మీరు గనుక మీకు ఇది వెంటనే పట్టుబడుతుంది. "హిప్" పొట్టి మాట, హ్రస్వాచ్చుతో నడిచి "ప్" దగ్గర పెదవులు మూసుకోవడంతో ఠక్కున ఆగుతుంది. ఆగిన చోట నిశ్శబ్దం ఉంటుంది. ఆ నిశ్శబ్దంలో గుంపు ఊపిరి పీల్చుకుంటుంది. ఒక్కసారే "హిప్" అంటే, తరువాతి ధ్వని ఎప్పుడు రావాలో ఎవరికీ తెలియదు. రెండుసార్లు అంటే, ఆ రెంటికీ మధ్య ఉన్న వ్యవధిని బట్టి మూడో దెబ్బ ఎక్కడ పడాలో మూడు వందల మందికీ ఒకేసారి తెలిసిపోతుంది. అందుకే అది రెండుసార్లు. ఆ తరువాత వచ్చే "హుర్రే"లో రేఫ దొర్లి, చివరి దీర్ఘం నోరు తెరిచి ఎంతసేపైనా సాగుతుంది. ఒక్కరు పిలుస్తారు, అందరూ పలుకుతారు. "హిప్" పిల్లలందరి చేతా అనిపిస్తే ఈ అమరిక చెడిపోయి రొద మాత్రమే మిగులుతుంది. ఆ పిలుపు ఒక్కరి గొంతుతోనే రావాలి. ఓడిన జట్టు నాయకుడికి గెలిచిన జట్టును ఉద్దేశించి పిలిచే అవకాశం ఇచ్చి చూడమని నా సలహా.

ఇప్పుడు మిమ్మల్ని నిద్రపోనివ్వని భాగానికి వస్తాను. 1819 నాటికి జర్మన్ ప్రాంతాల్లో యూదుల పరిస్థితి ఇలా ఉంది. ఫ్రెంచి పాలన సాగిన కాలంలో చాలా చోట్ల వారికి పౌరహక్కులు లభించాయి; నెపోలియన్ పతనం తరువాత, 1815 నుంచి, ఆ హక్కులను వెనక్కు తీసుకునే ప్రయత్నాలు మొదలయ్యాయి. 1816, 1817 సంవత్సరాల్లో పంటలు పోయి, ఆహార ధరలు పెరిగి, జనం ఆకలితో అల్లాడారు. ఆ కోపానికి ఒక గురి కావలసి వచ్చింది. బవేరియా అనే జర్మన్ రాజ్యంలో యూదులకు సమాన హక్కులు ఇవ్వాలా వద్దా అన్న చర్చ జరుగుతున్న సమయంలో, 1819 ఆగస్టు 2న అక్కడి వుర్ట్స్‌బర్గ్ నగరంలో అల్లరి చెలరేగింది. యూదుల హక్కులను సమర్థించిన ఒక ఆచార్యుడు ప్రాణభయంతో పరుగెత్తవలసి వచ్చింది. "హెప్ హెప్" అని అరుస్తూ గుంపులు యూదుల దుకాణాలను ధ్వంసం చేశాయి; ప్రాణనష్టం జరిగింది; సైన్యాన్ని రప్పించవలసి వచ్చింది. నగరంలోని సుమారు 400 మంది యూదులు పారిపోయి, చుట్టుపక్కల పల్లెల్లో కొన్ని రోజుల పాటు డేరాల్లో తలదాచుకున్నారు. అక్కడి నుంచి అల్లర్లు బాంబెర్గ్, ఫ్రాంక్‌ఫర్ట్, కార్ల్స్‌రూహె, హాంబర్గ్ నగరాలకు పాకాయి. సెప్టెంబరు నాటికి సరిహద్దు దాటి డెన్మార్క్ రాజధాని కోపెన్‌హేగెన్‌కు కూడా చేరాయి. హైడెల్‌బర్గ్‌లో రక్షకభటులు ఆలస్యం చేసినప్పుడు, విశ్వవిద్యాలయ ఆచార్యులు ఇద్దరు తమ విద్యార్థులను వెంటబెట్టుకొని వెళ్లి గుంపును అడ్డుకున్నారు. మీరు ఉపాధ్యాయులు గనుక ఈ చివరి సంగతిని ప్రత్యేకంగా మీకు చెప్పాలనిపించింది.

ఇంతవరకు అంతా నిజం. కల్పన మొదలయ్యేది ఆ కేకకు మూలం వెతికే చోట. లాటిన్ వాక్యపు కథ ఎందుకు నిలబడదో చెబుతాను. మొదటి మతయుద్ధానికి పిలుపు 1095లో ఫ్రాన్సులోని క్లెర్మోఁ సభలో వచ్చింది. ఆ మరుసటి ఏడు రైన్ నది ఒడ్డున ఉన్న వర్మ్స్, మైన్జ్ వంటి నగరాల్లో యూదులను ఘోరంగా ఊచకోత కోశారు. దీని మీద లాటిన్ చరిత్రకారులూ, హీబ్రూ చరిత్రకారులూ కూడా వివరంగా రాశారు. ఆ రాతల్లో "హెప్" అనే కేక లేదు. ఆ సైనికుల నినాదంగా నమోదైనది "దేయూస్ వుల్ట్", అంటే "దేవుని సంకల్పం ఇది" అని. పైగా జెరూసలేంను గెలవడానికి బయలుదేరిన మనుషులు "జెరూసలేం పోయింది" అని అరుస్తూ నడిచారనడం తర్కానికి నిలిచే మాట కాదు. ఏడు వందల ఏళ్ల పాటు ఎక్కడా రాతలో కనిపించని కేక 1819లో హఠాత్తుగా బయటపడి, దానికి వెనువెంటనే పండితులకు మాత్రమే తెలిసే లాటిన్ వివరణ కూడా లభించిందంటే, ఆ వివరణను తరువాత అతికించారని అనుకోవడమే సబబు. జర్మనీలోని ఫ్రాంకోనియా ప్రాంతంలో మేకలను పిలవడానికీ, అదిలించడానికీ "హెప్ హెప్" అనేవారు. వుర్ట్స్‌బర్గ్ ఆ ప్రాంతంలోని నగరమే. గడ్డాలు పెంచుకున్న యూదులను మేకలతో పోల్చి వెక్కిరిస్తూ తరమడానికి ఆ పశువుల కేకనే వాడి ఉంటారన్న వివరణ ఎక్కువ సహజంగా ఉంది. నాకు ఇది లాటిన్ కథ కన్నా ఎక్కువ బాధ కలిగించింది. మనుషులను పశువులుగా తోలడానికి గొప్ప భాష ఏదీ అవసరం పడలేదు.

పొడి అక్షరాలతో మాటలు పుట్టాయని చెప్పే కథలన్నిటినీ అనుమానంతో చూడడం మంచి అలవాటు. అక్షరాలను కూర్చి పలికే మాటగా మార్చుకోవడం 20వ శతాబ్దంలో విరివిగా వ్యాపించిన పద్ధతి. అంతకు ముందు అది చాలా అరుదు. "న్యూస్" అనే మాట నాలుగు దిక్కుల ఇంగ్లీషు పేర్ల మొదటి అక్షరాలతో ఏర్పడిందని మన పాఠశాలల్లో ఇప్పటికీ చెబుతున్నారు. నిజానికి అది "కొత్త" అనే అర్థం గల "న్యూ"కు బహువచనం మాత్రమే. ఆపదలో ఉన్న ఓడలు పంపే "ఎస్ఓఎస్" సంకేతాన్ని 1906లో బెర్లిన్‌లో జరిగిన అంతర్జాతీయ సమావేశం ఆమోదించింది. మూడు చుక్కలు, మూడు గీతలు, మళ్లీ మూడు చుక్కలు. పంపడానికీ, గుర్తుపట్టడానికీ తేలిక గనుక దాన్ని ఎంచుకున్నారు. "మా ప్రాణాలు కాపాడండి" అనే విస్తరణ తరువాత వచ్చి చేరింది. మీ సహోద్యోగితో మాట్లాడేటప్పుడు ఈ రెండు ఉదాహరణలూ చెప్పండి. ఆయన మిమ్మల్ని తప్పుపట్టాలని ఆ సందేశం చూపి ఉండరు. తెలియక తప్పు చేస్తున్నామేమోనన్న మంచి భయంతోనే చూపి ఉంటారు. ఆ భయాన్ని గౌరవిస్తూనే కథను సరిదిద్దవచ్చు.

జర్మన్ "హెప్"కూ, ఇంగ్లీషు "హిప్"కూ బొత్తిగా ఏ పోలికా లేదని నేను వాదించడం లేదు. రెండూ మనిషి గొంతు నుంచి అప్రయత్నంగా వెలువడే పొట్టి కేకలు. ఒకటి పశువును అదిలించడానికి, మరొకటి మనిషిని పిలవడానికి. అంతటి పొట్టి ధ్వనులు రెండు భాషల్లో దగ్గరగా ఉండడం ఆశ్చర్యం కాదు. తెలుగులో ఆవు ఇచ్చే పాలకూ, అన్నదమ్ములు పంచుకునే పాలకూ ధ్వనిలో ఏ తేడా లేదు. అంత మాత్రాన ఒకదాని నుంచి మరొకటి పుట్టిందని మనం అనుకోము. ఇంగ్లీషు "హిప్" ఒక పిలుపుగా 1819 కన్నా దశాబ్దాల ముందు నుంచే ఉంది గనుక, అది ఆ అల్లర్ల నుంచి పుట్టడానికి వీలులేదు. ఇంకొక సాక్ష్యం కూడా ఉంది. ఇంగ్లీషు నవలా రచయిత్రి జార్జ్ ఎలియట్ 1879లో ప్రచురించిన వ్యాసాల సంపుటిలో, యూదుల పట్ల తన కాలంలో సాగుతున్న ద్వేషాన్ని ఖండించిన చివరి వ్యాసానికి "హెప్" అనే కేకను మూడుసార్లు శీర్షికలో నిలిపింది. అదే ఇంగ్లండులో, అదే కాలంలో, విందుల్లోనూ ఆటల్లోనూ "హిప్ హిప్ హుర్రా" నిత్యం మోగుతూ ఉంది. ఆమెకు గాని, ఆమె పాఠకులకు గాని ఆ రెండూ వేర్వేరు మాటలు.

మూలం ఏదైనా, ఒక కేక అర్థం నిలకడగా ఉండదన్నది కూడా గుర్తుంచుకోవలసిన సంగతి. చర్చిలో సంతోషంగా పాడే "హోసన్నా" హీబ్రూలో "హోషియా నా". "దయచేసి రక్షించు" అని దాని అర్థం. 118వ కీర్తనలో అది ఆర్తితో చేసిన ప్రార్థన. కాలక్రమంలో అదే మాట జయధ్వానంగా మారింది. బాంజాయ్ కథ మరొక విధంగా నడిచింది. 1889 ఫిబ్రవరి 11న జపాన్ రాజ్యాంగాన్ని ప్రకటించిన రోజున, విద్యార్థులు చక్రవర్తి బండికి ఎదురుగా నిలిచి దాన్ని దీవెనగా పలికారు. రెండో ప్రపంచ యుద్ధంలో అది చావుకు తెగించి శత్రువు మీదికి ఉరికే సైనికుల కేక అయింది. నేడు మళ్లీ పెళ్లిళ్లలో, ఎన్నికల విజయాల్లో చేతులెత్తి పలికే మాట. అదే మాట కొరియా భాషలో "మాన్సే". 1919 మార్చి 1న కొరియన్లు జపాన్ పాలనకు ఎదురు నిలిచి స్వాతంత్ర్యం కోరుతూ వీధుల్లో నినదించినది ఆ మాటనే. ఒకే మూలం నుంచి వచ్చిన మాట ఒక చోట పాలకుడికి దీవెన, మరొక చోట ఆ పాలకుడి మీద తిరుగుబాటు.

కాబట్టి మీరు చేయవలసిన దానిని గురించి నా అభిప్రాయం ఇది. వచ్చే పోటీల్లో మునుపటిలాగే మీ పిల్లల చేత ఆ మాట అనిపించండి. పిల్లలు సరదాకు "హెప్ హెప్" అని మార్చి పలికితే మాత్రం ఊరుకోకండి. ఆ రూపానికి ఒక చరిత్ర ఉందని చెప్పి "హిప్" అనే రూపాన్నే నిలపండి. 1819 నాటి సంగతిని చిన్న తరగతుల పిల్లలకు చెప్పవలసిన పని లేదు. పై తరగతుల వారికి, చరిత్ర పాఠంలో యూదుల మీద జరిగిన దారుణాలు వచ్చినప్పుడు, మీ పాఠశాల చరిత్ర ఉపాధ్యాయులతో కలిసి చెప్పవచ్చు. హైడెల్‌బర్గ్ ఆచార్యుల సంగతి వదలకుండా చెప్పండి. ఎప్పుడైనా ఎవరైనా ఎదుటికి వచ్చి ఆ మాట వింటే తమకు బాధ కలుగుతోందని చెబితే, వారితో నిఘంటువులు పట్టుకొని వాదించకండి. ఆ పూటకు "జేజేలు" అనిపించండి. ఒక మనిషి మనసు నొచ్చుకున్నప్పుడు మన వాదం గెలవడం కన్నా ఆ మాట మానడం తేలిక, మర్యాద కూడా. కాని ఎవరూ నొచ్చుకోని చోట, ఎవరో కల్పించిన కథకు భయపడి ఒక మంచి మాటను వదులుకోవడం నాకు ఇష్టం లేదు.

హుర్రా, హుర్రే అనే రెండు రూపాలూ సరైనవే. ఇంగ్లీషులో ఈ రెండూ, మరికొన్ని రూపాలూ పక్కపక్కనే నడిచాయి. తెలుగులో "హుర్రే" స్థిరపడింది గనుక మీరు దాన్నే వాడుకోండి. "హుర్రా" అనే పిల్లలను దిద్దవలసిన పని లేదు.

మీ ఎనిమిదో తరగతి అమ్మాయికి ఇంకా జవాబు చెప్పకపోతే, ఇలా చెప్పండి: "అమ్మా, హిప్ అంటే 'అందరూ ఇటు చూడండి' అని ఒకరు పిలవడం. హుర్రే అంటే 'మేమంతా మీతో ఉన్నాం, మీరు బాగా ఆడారు' అని అందరూ కలిసి బదులు పలకడం. పూర్వం ఓడల మీద పనిచేసేవాళ్లు ఇలాంటి కేకలు వేసేవాళ్లు." ఆ తరువాత ఆమె చేతనే ఒకసారి "హిప్ హిప్" అనిపించి, మిగిలిన తరగతిని బదులు పలకమనండి.